ఆటలో పటం: ఎప్పుడు నేర్పుతుంది, ఎప్పుడు నేర్పదు

ప్రపంచ పటాన్ని ముక్కలుగా కోసి, తిరిగి పేర్చమని పిల్లల చేతికిచ్చే చెక్క ఆట చాలామందికి తెలిసినదే. ఎనిమిదేళ్ళ బాబు ఒకడు ఆ ఆటను వారం రోజులు పట్టుబట్టి ఆడి, చివరికి కొద్ది నిమిషాల్లోనే పటమంతా పేర్చేయడం నేను పక్కన కూర్చుని చూశాను. భూగోళం వాడికి బాగా పట్టుబడిందని ఇంట్లోవాళ్ళు సంతోషించారు. నాకు చిన్న అనుమానం కలిగి, ముక్కలన్నిటినీ బోర్లా తిప్పి, రంగులూ పేర్లూ ఏవీ కనబడని వట్టి చెక్క వైపు పైకి పెట్టి, మళ్ళీ పేర్చమన్నాను. వాడు పెద్దగా తడుముకోకుండా, ఇంచుమించు అంతే వేగంగా పేర్చేశాడు. ముక్కల అంచుల్లో ఒకదానికొకటి పట్టుకునే బుడిపెలూ గుంటలూ వాడికి సరిపోయాయి. దేశంతో గాని, సముద్రంతో గాని ఆ వారం రోజుల్లో వాడికి పని పడలేదు.

అందులో ఆ బాబు తప్పేమీ లేదు. చిన్నవారైనా పెద్దవారైనా ఆటలో దిగాక గెలుపుకు దగ్గర దారినే వెతుకుతారు, అలా వెతకడంలోనే ఆటకున్న ఆనందంలో సగం ఉంది. ఆ దగ్గర దారి పటంలో నుంచి పోయేటట్టు ఆటను కూర్చినవారు కూర్చితే పటం వంటబడుతుంది. పటాన్ని తప్పించుకుని పోయే వీలు ఉంటే ఎన్నాళ్ళు ఆడినా వంటబట్టదు. పటం ఉన్న ఆటలన్నీ జ్ఞానాన్ని పెంచుతాయని తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ అనుకోవడం, అవన్నీ వట్టి కాలక్షేపమని మరికొందరు కొట్టిపారేయడం, రెండూ ఈ ఒక్క తేడాను గమనించకపోవడం వల్ల వచ్చిన అభిప్రాయాలేనని నాకు అనిపిస్తుంది. తర్వాతి ఎత్తు వేయడానికి ఆడేవారు పటాన్ని ఏదైనా అడగవలసి వస్తున్నదా, వస్తే ఏమి అడగవలసి వస్తున్నది అన్నదే ఏ ఆటకైనా వేసి చూడవలసిన కొలత.

ఈ కొలతతో చూస్తే పాత ఆటల్లోనూ తేడాలు తెలుస్తాయి. 1645లో పియెర్ దువాల్ అనే ఫ్రెంచి భూగోళ శాస్త్రవేత్త 63 గళ్ళున్న ఒక ఆట తయారుచేశాడు. ఒక్కో గడిలో ఒక్కో దేశం చిన్న పటం ఉంటుంది, చివరి గడి ఫ్రాన్స్. పాచికలు వేసి పడిన సంఖ్య ప్రకారం ముందుకు పోవడమే ఆట కాబట్టి, చూడడానికి ఎంత ముచ్చటగా ఉన్నా, గడిలో ఉన్న దేశం ఆటగాడి నిర్ణయాన్ని ఏ విధంగానూ మార్చదు. 1759లో లండన్‌లో జాన్ జెఫ్రీస్ ప్రచురించిన ఐరోపా ప్రయాణపు ఆట అక్కడి నుంచి ఒక అడుగు ముందుకు వేసి, ప్రయాణాన్ని అసలు ఐరోపా పటం మీదే నడిపింది. పాచికలకు జూదమనే చెడ్డపేరు ఉన్నందున, ఆ కాలపు ఇలాంటి ఆటల్లో వాటికి బదులు పలకల మీద అంకెలున్న చిన్న బొంగరాన్ని తిప్పేవారు. ఆటగాడి వేలు ఊరి నుంచి ఊరికి కదులుతుంది, ఊరి స్థానం కంటపడుతుంది. అయితే ఎటు పోవాలో నిర్ణయించేది మాత్రం అప్పటికీ బొంగరమే.

1760లలో లండన్‌లోనే జాన్ స్పిల్స్‌బరీ అనే చెక్కడపు పనివాడు పటాన్ని పలుచని చెక్క మీద అంటించి, రాజ్యాల సరిహద్దుల వెంట రంపంతో కోసి అమ్మాడు. ముక్కలు పేర్చే ఆటలన్నిటికీ అదే మొదలని సాధారణంగా చెబుతారు. అతని ముక్కకు ఉన్న ఆకారం ఆ దేశానికి ఉన్న ఆకారమే, దాని పక్కన అమరే ముక్క దాని పొరుగు దేశమే. పేర్చడానికి మరో ఆధారం లేనప్పుడు పిల్లవాడు సరిహద్దునూ, తీరరేఖనూ, పొరుగునూ చూడక తప్పదు. తర్వాతి కాలంలో ముక్కలు జారిపోకుండా బుడిపెలు పెట్టడం మొదలయ్యాక ఆట సులువైంది, కానీ ముక్క ఆకారాన్ని నిర్ణయించేది భూమి నుంచి రంపానికి మారిపోయింది. పిల్లలకు ఇలాంటి ఆట కొనేటప్పుడు పెట్టె మీద ముద్రించిన బొమ్మ కంటే లోపల ముక్కలను ఏ గీతల వెంట కోశారన్నదే ముందు చూడవలసిన విషయం.

పటాన్ని అడగగల ప్రశ్నల్లో అన్నిటికంటే సులువైనది "ఫలానాది ఎక్కడుంది?" అన్నది. పేరు చెబితే చోటు చూపించే పోటీలు, చోటు చూపిస్తే పేరు చెప్పే పోటీలు దీని మీదే నడుస్తాయి. వీటిని బట్టీ అని చులకనగా చూడడం సరికాదు. షానా కార్పెంటర్, హెరాల్డ్ పాష్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన పరిశోధనలో, పటాన్ని మళ్ళీ మళ్ళీ చూస్తూ కూర్చున్నవారి కంటే, పటంలో ఒక అంశాన్ని తీసేసి అది ఏమిటో, ఎక్కడుందో గుర్తుచేసుకోమన్నప్పుడు ప్రయత్నించినవారు తర్వాత ఆ పటాన్ని మెరుగ్గా గీయగలిగారు. చూడడం కంటే తలచుకోవడం గట్టిగా నిలుస్తుందన్నమాట. ఇందులో అసలు మెలకువ తప్పు జవాబు వచ్చినప్పుడు ఆట ఏమంటుందన్నది. వట్టి "తప్పు" అనే మాట ఆటగాణ్ణి ఎక్కడి వాణ్ణి అక్కడే నిలబెడుతుంది. 2022లో జనాదరణ పొందిన వర్ల్‌డిల్ అనే ఆటలో దేశం ఆకారం మాత్రం చూపించి, మనం తప్పుగా ఊహించిన ప్రతిసారీ, మన ఊహకూ అసలు దేశానికీ మధ్య ఎన్ని కిలోమీటర్ల దూరమో, అది ఏ దిక్కున ఉందో బాణం గుర్తుతో చెబుతారు. ఆగ్నేయంగా మూడు వేల కిలోమీటర్లని తెలిసిన మరుక్షణం ఆటగాడు మనసులో ఉన్న పటాన్ని విప్పి కొలవడం మొదలుపెడతాడు. తప్పు జవాబే కొత్త ప్రశ్నగా మారే ఆ ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది.

మనసులో ఉండే ఆ పటం గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే అది మనం అనుకున్నంత నమ్మదగినది కాదు. ఆల్బర్ట్ స్టీవెన్స్, పాటీ కూప్ 1978లో చేసిన అధ్యయనంలో అమెరికాలోని రీనో, శాన్ డియాగో నగరాల్లో ఏది పడమరగా ఉందని అడిగితే, ఎక్కువమంది శాన్ డియాగో అనే భావించారు. శాన్ డియాగో ఉన్న కాలిఫోర్నియా సముద్రపు ఒడ్డున ఉంది, రీనో ఉన్న నెవాడా దానికి తూర్పున ఉంది, కాబట్టి నగరాలు కూడా అలాగే ఉంటాయని మనసు తేల్చేస్తుంది. నిజానికి కాలిఫోర్నియా తీరం దక్షిణానికి పోయేకొద్దీ తూర్పుకు వంగుతుంది గనుక రీనోయే పడమరగా ఉంది. రోమ్ నగరం ఫిలడెల్ఫియా కంటే కొంచెం ఉత్తరంగా ఉందన్నా, పనామా కాలువకు పసిఫిక్ వైపు ద్వారం అట్లాంటిక్ వైపు ద్వారం కంటే తూర్పున ఉందన్నా చాలామంది అట్లాసు తెరిచి చూసేదాకా నమ్మరు. మనసు స్థలాలను ఒక్కొక్కటిగా దాచుకోదు. ఖండం కింద దేశం, దేశం కింద రాష్ట్రం, రాష్ట్రం కింద నగరం అన్నట్టు పొరలు పొరలుగా దాచుకుని, వంకరగా ఉన్నవాటిని తిన్నగా సర్దేస్తుంది. ఇలాంటి జంటలను నాలుగైదు ఎంచి, ఏది ఉత్తరం, ఏది తూర్పు అని పందెం వేయించి, ఆ తర్వాత పటం విప్పించండి. తాము గట్టిగా నమ్మినది తప్పని తేలిన క్షణంలో పిల్లలు పటం మీదికి వంగి చూసే తీరు, పాఠంలో ఆ విషయం చెప్పినప్పుడు కనబడేది కాదు.

వ్యూహం మీద నడిచే బోర్డు ఆటల్లో ప్రశ్న మారుతుంది. ఇక్కడ ఒక చోటు ఎక్కడుందన్న దానికంటే, దానికి ఆనుకుని ఏముంది, అక్కడి నుంచి ఎటు పోవచ్చు అన్నవి ముఖ్యం. ఆల్బర్ట్ లామొరిస్ అనే ఫ్రెంచి చిత్ర దర్శకుడు కూర్చిన ఆట 1957లో వెలువడి, తర్వాత రిస్క్ అనే పేరుతో ప్రపంచమంతా వ్యాపించింది. అందులో భూమి ఆరు ఖండాలుగా, 42 ప్రాంతాలుగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో నాలుగే ప్రాంతాలు, లోపలికి రావడానికి సయాం నుంచి ఒక్కటే దారి, అందువల్ల దాన్ని పట్టుకున్నవారు తక్కువ బలగంతో కాపాడుకోగలరు. ఆసియాలో పన్నెండు ప్రాంతాలు, నలువైపులా దారులు, అందువల్ల అది పట్టుకోవడం కష్టం, నిలుపుకోవడం మరీ కష్టం. ఇరుకు దారి ఉన్నచోట కొద్దిమంది చాలు, బయలు ఉన్నచోట ఎందరున్నా చాలరు అనే సైనిక భూగోళపు మూలసూత్రం ఏ ఉపన్యాసమూ లేకుండానే చేతికి తెలిసిపోతుంది.

అదే ఆటలో బోర్డుకు ఎడమ చివరన ఉన్న అలాస్కా నుంచి కుడి చివరన ఉన్న కమ్చాట్కాకు దాటవచ్చు. మొదటిసారి ఆడేవారికి ఇది మోసంలా తోస్తుంది. బోర్డు ఆ చివర నుంచి దాడి వస్తుందని వారు ఊహించరు. ఓడిపోయాకే పటం రెండు అంచులూ అసలు ఒకటేనని, గుండ్రని భూమిని కోసి పరిచినప్పుడు ఏర్పడిన కోత మాత్రమే అక్కడ ఉందని తెలుస్తుంది. ఆ దెబ్బ నేర్పేది నిజం. కానీ దాన్ని నేర్పిన వివరం పూర్తిగా నిజం కాదు. అలాస్కాకు జలసంధి అవతల ఉన్నది చుకోట్కా ప్రాంతం, అక్కడ సముద్రం వెడల్పు సుమారు 85 కిలోమీటర్లు. కమ్చాట్కా ద్వీపకల్పం దానికి చాలా దక్షిణాన ఉంటుంది. ఆటలోని పటాలు ఇలా ఒక చేత్తో సూత్రాన్ని సరిగ్గా ఇస్తూ, మరో చేత్తో వివరాన్ని సవరించేస్తుంటాయి. ఏది సూత్రమో ఏది సవరింపో విడదీసి చెప్పే పెద్దవారు పక్కన ఉంటే ఆటకు విలువ రెట్టింపవుతుంది.

అలన్ కాల్హామర్ 1954లో రూపొందించిన డిప్లొమసీలో పాచికలే లేవు. 1914కు ముందటి ఐరోపా పటం, ఏడు రాజ్యాలు, 34 సరఫరా కేంద్రాలు. వాటిలో 18 దక్కించుకున్నవారు గెలుస్తారు. అదృష్టానికి చోటు లేనందువల్ల ప్రతి తప్పూ తోటి ఆటగాళ్ళతో జరిపే బేరసారాల్లోనో, పటం చదవడంలోనో జరిగినదే అవుతుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రాంతానికి అందులో ఉత్తరాన ఒక తీరం, దక్షిణాన ఒక తీరం ఉంటాయి. ఒక తీరంలో లంగరు వేసిన నౌకాదళం రెండో తీరం నుంచి బయలుదేరలేదు. ఈ సంగతి మరిచిపోయి బాల్టిక్ సముద్రంలోకి పంపవలసిన నౌకలను ఉత్తర తీరంలో నిలుపుకున్న ఆటగాడు, రష్యాకు అన్ని కాలాల్లోనూ గడ్డకట్టని ఓడరేవు ఎందుకంత అవసరమైందో చరిత్ర పుస్తకంలో చదివినప్పుడు ఆ వాక్యం దగ్గర తప్పక ఆగుతాడు.

దారులు కలిపే ఆటలు మరో జాతికి చెందినవి. అలన్ మూన్ 2004లో రూపొందించిన టికెట్ టు రైడ్‌లో ఆటగాళ్ళకు రహస్యంగా టికెట్లు వస్తాయి. సియాటిల్ నుంచి న్యూయార్క్ దాకా పట్టాలు వేయగలిగితే 22 పాయింట్లు. ఒక్కొక్కరి దగ్గర 45 రైలుపెట్టెలే ఉంటాయి కాబట్టి, ఊళ్ళు ఎక్కడున్నాయో వెతికి, మధ్య ఊళ్ళను లెక్కవేసి, ఎవరైనా దారికి అడ్డుపడితే చుట్టూ తిరిగి పోవడానికి పెట్టెలు చాలుతాయా అని చూసుకోవాలి. మాట్ లీకాక్ 2008లో తెచ్చిన పాండెమిక్‌లో 48 నగరాల వల మీద వ్యాధులు వ్యాపిస్తుంటే, ఆటగాళ్ళందరూ ఒకే పక్షాన నిలిచి వాటిని ఆపాలి. ఈ రెండింటిలోనూ పటం నిజమైన దూరాల కంటే కలయికలనే ఎక్కువగా చూపిస్తుంది. హ్యారీ బెక్ గీయగా 1933లో వెలువడిన లండన్ భూగర్భ రైలు పటం చేసిన పని కూడా అదే. స్టేషన్ల మధ్య నిజమైన దూరాలను వదిలేసి, ఏది దేని తర్వాత వస్తుంది, ఎక్కడ రైలు మారాలి అన్నవి మాత్రం నిలిపింది. పటం నుంచి ఏమి తీసివేయవచ్చన్నది పటం గీసేవారికి ఎంత పెద్ద ప్రశ్నో ఈ ఆటలు ఆడినవారికి సహజంగానే అర్థమవుతుంది.

నేలను గళ్ళుగా విడగొట్టడంలోనూ ఒక చిక్కుంది. చదరపు గళ్ళ మీద మూలగా కదలిస్తే ఒక్క అడుగులోనే 1.41 రెట్లు దూరం పోయినట్టవుతుంది, అందుకే 1960ల నుంచి యుద్ధ ఆటల్లో ఆరు పలకల గళ్ళు వాడుకలోకి వచ్చాయి. వాటిలో పక్క గడి ఏదైనా ఒకే దూరంలో ఉంటుంది. అంతకు చాలా ముందే, 1824లో, ప్రష్యా సైన్యానికి గేయోర్గ్ హైన్రిష్ ఫాన్ రైస్‌విట్స్ చూపించిన క్రీగ్‌ష్పీల్ అనే యుద్ధ ఆట గళ్ళనే వదిలేసి 1:8,000 స్కేలులో ఉన్న అసలైన నేల పటం మీద నడిచింది. ప్రతి పక్షానికీ తన దళాలకు కనబడేది మాత్రమే మధ్యవర్తి చెప్పేవాడు. కొండ వెనక ఏముందో పటం చూసి ఊహించుకోవడమే తప్ప తెలుసుకునే వీలు లేదు.

నేలను చదవడం దగ్గరికి వచ్చాం కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు నిలవాలి, ఎందుకంటే పటాన్ని పూర్తిగా, నిజాయితీగా వాడించే ఆట ఒక్కటి చెప్పమంటే నేను ఓరియెంటీరింగ్ పేరే చెబుతాను. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో స్కాండినేవియాలో రూపుదిద్దుకున్న ఈ క్రీడకు స్వీడన్‌కు చెందిన ఎర్న్‌స్ట్ కిలాండర్‌ను ఆద్యుడిగా చెబుతారు. అంతర్జాతీయ సమాఖ్య 1961లో ఏర్పడింది. పటం, దిక్సూచి చేతపట్టుకుని, అడవిలో వరుసగా గుర్తించిన చోట్లకు పరుగెత్తి చేరుకోవాలి. బయలుదేరే చోటు త్రిభుజం, చేరవలసిన ప్రతి చోటూ ఒక వృత్తం, ముగింపు జంట వృత్తం. అడవి పోటీలకు 1:15,000 గాని 1:10,000 గాని స్కేలు వాడతారు, అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 150 లేదా 100 మీటర్లు. కొత్తవారిని తికమక పెట్టేది రంగులు. ఈ పటాల్లో తెలుపు ఖాళీ నేల కాదు, సులువుగా పరుగెత్తగల అడవి. పచ్చదనం ముదిరేకొద్దీ దూరడానికి వీల్లేనంత దట్టంగా ఉందని అర్థం. చెట్లు లేని బయలు పసుపు. రంగు చెట్టును కాక పరుగును చెబుతుంది. సూచిక చదవకుండా పటం చదవకూడదన్న పాఠం ముళ్ళపొదల్లో చిక్కుకున్న ఒక్కసారితోనే జీవితాంతం గుర్తుండిపోతుంది.

అనుభవమున్నవారు పటాన్ని పట్టుకునే తీరు దగ్గరి నుంచి చూడదగినది. పటాన్ని చిన్నగా మడిచి, అందులోని ఉత్తరం నేల మీది ఉత్తరానికి సరిపోయేలా తిప్పి, తామున్న చోట బొటనవేలి గోరు ఆనించి పరుగెడతారు. వాగు దాటితే వేలు వాగు దాటుతుంది, దారి చీలిక వస్తే వేలు చీలిక దగ్గరికి జరుగుతుంది. ఒంటి దిశ మారినప్పుడల్లా చేతిలోని పటం కూడా తిరుగుతుంది. పటం పైభాగాన్ని ఎప్పుడూ పైకే పట్టుకోవాలని బడిలో అలవాటైన పిల్లలు ఇది చూసి ఆశ్చర్యపోతారు, ఆ తర్వాత కుడి ఎడమల గందరగోళం వదిలిపోయి హాయిపడతారు. దారి ఎంపిక మరో అందమైన చిక్కుముడి. ఎదురుగా గుట్ట ఉంది. ఎక్కి దిగితే 600 మీటర్లు, చుట్టి పోతే 900. గుట్ట మీద ఐదు మీటర్లకొకటి చొప్పున ఎనిమిది కాంటూరు గీతలు (ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలిపే గీతలు) ఉంటే 40 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఒక మీటరు ఎక్కడం పది మీటర్ల సమతలపు పరుగుతో సమానమనే మోటు లెక్క వేస్తే గుట్ట దారి 600కు 400 కలిసి వెయ్యి మీటర్లవుతుంది, కాబట్టి చుట్టుదారే మేలు. కాంటూరు, స్కేలు, కూడిక, ఊపిరి, ఇన్నీ ఒక్క నిర్ణయంలో కలిసే సందర్భం తరగతి గదిలో అరుదుగా దొరుకుతుంది.

అడవి అందుబాటులో లేనివారు కాంటూరు గీతలను పళ్ళెంలోనే నేర్పవచ్చు. అంచు లోతుగా ఉన్న పళ్ళెంలో బంకమట్టితో ఒక గుట్ట చేసి, ఒక వైపు నిటారుగా, మరో వైపు వాలుగా ఉంచాలి. ఒక సెంటీమీటరు లోతున నీళ్ళు పోసి, నీటి అంచు గుట్టను తాకిన చోటల్లా పుల్లతో గీత గీయాలి. ఇంకో సెంటీమీటరు పోసి ఇంకో గీత. గుట్ట మునిగాక నీళ్ళు వంపేసి, నేరుగా పైనుంచి చూస్తే పటంలో కనబడే గీతలే కనబడతాయి. నిటారు వైపు గీతలు దగ్గరదగ్గరగా, వాలు వైపు ఎడంగా ఉంటాయి. దీన్ని ఆటగా మార్చడానికి నలుగురు పిల్లలు నాలుగు గుట్టలు చేసి, వాటి గీతలను కాగితం మీదికి ఎక్కించి, కాగితాలు కలిపేసి, ఏ కాగితం ఏ గుట్టదో అవతలి జట్టును చెప్పమనాలి. రెండు గుట్టల మధ్య ఉండే చిన్న కనుమను గీతల్లో గుర్తుపట్టిన పిల్ల ఇక ఏ నేల పటం ముందూ బెదరదు.

కంప్యూటర్ ఆటల చరిత్రలో పటం ముందుగా ఆటగాడి చేతిలో ఉండేది, క్రమంగా యంత్రం చేతిలోకి పోయింది. గుహలను కొలిచి పటాలు గీయడంలో అనుభవమున్న విల్ క్రౌథర్ 1970ల మధ్యలో, అమెరికాలోని మామత్ గుహల ఆధారంగా, బొమ్మలేవీ లేని వట్టి అక్షరాల సాహస ఆటను రాశాడు. అందులో అన్నీ ఒకేలా కనబడే మలుపుల చిక్కుదారి ఒకటి ఉంటుంది. ఉత్తరానికి పోయి వెంటనే దక్షిణానికి తిరిగితే మొదటి చోటుకే వస్తామన్న నమ్మకం లేదు. ఆటగాళ్ళు కాగితం మీద వృత్తాలూ బాణాలూ గీసుకుంటూ, ఒక్కో గదిలో తమ దగ్గరున్న ఒక్కో వస్తువును పడేసి, మళ్ళీ అది కనబడితే ఇది పాత గదేనని గుర్తించేవారు. గుర్తు లేని చోటికి గుర్తు పెట్టడం, అదే పటం పుట్టుక. నేటి చాలా ఆటల్లో తెర మూలలో చిన్న పటం, దాని మీద ఎటు పోవాలో చూపే మెరిసే బాణం ఉంటాయి. ఆటగాడి చూపు ఆ బాణానికే అంటుకుపోతుంది, ఎంతో శ్రమపడి చిత్రించిన కొండలూ వీధులూ కంటి అంచున జారిపోతాయి. జీపీఎస్ చెప్పినట్టు బండి నడిపి గమ్యం చేరి, ఏ దారిన వచ్చామో చెప్పలేకపోవడం లాంటిదే ఇది. ఇలాంటి ఆటల్లో చాలావాటిలో ఆ బాణాన్ని ఆపేసే వీలుంటుంది. ఆపేసి ఒక్క సాయంత్రం ఆడమని పిల్లలకు చెప్పడం, ఆట మానేయమనడం కంటే చాలా మంచి సలహా.

బొమ్మలతో నడిచే కంప్యూటర్ ఆటల్లోనూ పటాన్ని గౌరవించిన ఉదాహరణలున్నాయి. మైన్‌క్రాఫ్ట్‌లో పటం ఖాళీగా మొదలై, ఆటగాడు నడిచిన మేరకే నిండుతుంది. మొదటి స్థాయిలో అది 128 అడ్డం 128 నిలువు దిమ్మెల నేలను చూపిస్తుంది. దాన్ని పెంచుకుంటూ పోతే నాలుగో పెంపులో 2,048 దిమ్మెల పొడవూ వెడల్పూ ఉన్న నేల అదే కాగితంలో ఇముడుతుంది. అప్పుడు పటం మీద ఒక చుక్క నేల మీద పదహారు దిమ్మెల పొడవూ పదహారు దిమ్మెల వెడల్పూ. మొదటి పటంలో గోడలతో సహా కనబడిన ఇల్లు చివరి పటంలో ఒక్క చుక్కగా మిగులుతుంది, ఒక్కోసారి అదీ మిగలదు. స్కేలు అంటే ఏమిటో నిష్పత్తుల లెక్కలో చెప్పడం ఒకటి, తాను కట్టిన ఇల్లు తన కళ్ళముందే మాయమవడం మరొకటి.

2013లో స్వీడన్‌కు చెందిన ఆంటన్ వాలెన్ తయారుచేసిన జియోగెస్సర్ ప్రశ్నను తలకిందులు చేసింది. రోడ్ల వెంట కారు మీది కెమెరాతో తీసిన ఫోటోలు ఉండే గూగుల్ స్ట్రీట్ వ్యూలో ఏదో ఒక రోడ్డు మీద మనల్ని దించి, మనం ఎక్కడున్నామో ప్రపంచ పటం మీద గుర్తుపెట్టమంటుంది. ఐదు సార్లు, దగ్గరగా పెడితే ఒక్కోసారికి 5,000 పాయింట్లు, మొత్తం 25,000. వాహనాలు రోడ్డుకు ఏ పక్కన పోతున్నాయి, బోర్డుల మీద ఏ లిపి ఉంది, మట్టి ఏ రంగు, మిట్టమధ్యాహ్నం నీడలు ఎటు పడుతున్నాయి అని ఆటగాడు వెతకడం మొదలుపెడతాడు. సూర్యుడు ఉత్తరం వైపున ఉంటే దక్షిణార్ధగోళం అనుకోవచ్చు. అయితే రెండు అయనరేఖల మధ్య సూర్యుడు ఏడాదిలో రెండు వైపులా కనబడతాడు కాబట్టి అక్కడ ఈ ఆధారం పనిచేయదు. ఈ ఒక్క మినహాయింపు తెలుసుకోవడానికి ఆటగాడు భూమి అక్షపు వాలు గురించి ఆలోచించవలసి వస్తుంది. కానీ ఇందులోనూ బుడిపెల ముక్కలు ఉన్నాయి. బాగా ఆరితేరినవారిలో కొందరు ఫోటోలు తీసిన కారు రంగునూ, దాని పైకప్పు మీది కడ్డీలనూ, ఆయా దేశాల్లో వాడిన కెమెరా రకాన్నీ బట్టి దేశాన్ని పోల్చేస్తారు. పోటీలో అది న్యాయమైన నేర్పే, వారి పరిశీలన శక్తి మెచ్చదగినదే. కానీ అది ఫోటో తీసినవారి గురించి తెలుసుకోవడమే తప్ప భూమి గురించి కాదు. నేర్చుకోవడానికి ఆడేవారు, జవాబుతో పాటు నేల మీద కనబడిన కారణం ఒకటి చెప్పాలని నియమం పెట్టుకుంటే దగ్గర దారి మళ్ళీ భూమి మీదికి వస్తుంది.

పటాల ఆటలు తప్పులు కూడా నేర్పుతాయి. నావికుల కోసం మెర్కేటర్ అనే పటాల రూపకర్త 1569లో ప్రచురించిన పద్ధతిలో రేఖాంశాలన్నీ సమాంతరంగా నిలుస్తాయి. భూమి మీద అవి ధ్రువాల దగ్గర కలిసిపోతాయి గనుక, కలవకుండా విడదీసి గీసినకొద్దీ అక్కడి నేల సాగుతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు రెట్టింపు, వైశాల్యం నాలుగింతలు. అలాంటి పటం మీద ఏళ్ళ తరబడి ఆడినవారికి గ్రీన్‌లాండ్ ఆఫ్రికాతో సమానమైనదిగా మనసులో ముద్రపడుతుంది, నిజానికి ఆఫ్రికా దానికి సుమారు పద్నాలుగు రెట్లు. దేశాల రూపురేఖలను కత్తిరించి, గోళం మీద కొలిచిన సరైన పరిమాణంలో ఒకదానిలో ఒకటి ఇమిడ్చి చూసే ఆట ఈ ముద్రను చెరిపేయడానికి చక్కగా ఉపయోగపడుతుంది. ఇంతకంటే లోతైన తప్పు మరొకటి ఉంది. ఆక్రమణ ఆటల్లో నేల ఎవరో వచ్చి రంగు వేసేదాకా ఖాళీగా ఎదురుచూస్తున్నట్టు కనబడుతుంది. అక్కడ ముందే మనుషులు ఉన్నారని, ఆ నదికి వారు పెట్టుకున్న పేరు వేరే ఉందని బోర్డు చెప్పదు. ఆట అయ్యాక ఒక్క ప్రాంతాన్ని ఎంచుకుని అక్కడివారి గురించి పది నిమిషాలు చదివించడం ఆటను చెడగొట్టదు. తర్వాతి ఆటలో ఆ గడి మీద చేయి కొంచెం ఆగుతుంది, ఆ ఆగడం అవసరం.

ఇంతవరకూ ఇతరులు గీసిన పటాల గురించే చెప్పాను. ఆడేవారే పటం గీసే ఆట అన్నిటికంటే చవకైనది, నా దృష్టిలో అన్నిటికంటే గొప్పది. గదిలో ఒక వస్తువును దాచి, దాని చోటు తెలిసేలా పటం గీసి అవతలివారికి ఇవ్వాలి, నోరు విప్పకూడదు. ఏడేళ్ళ అమ్మాయి ఒకతె ఇలా గీయడం చూశాను. రంగుపెన్సిళ్ళ డబ్బాను బీరువా వెనక దాచి, గది పటంలో ఆ డబ్బాను బీరువా కంటే పెద్దగా గీసింది, అదే ముఖ్యం కాబట్టి. బీరువాను మాత్రం ఎదురుగా నిలబడితే కనబడినట్టు తలుపులతో సహా నిలువుగా గీసి, మంచాన్ని పైనుంచి చూసినట్టు గీసింది. ఆమె స్నేహితుడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, బీరువా తలుపు తెరిచి, లోపలున్న పెద్ద అట్టపెట్టెను బయటికి లాగాడు. "అది కాదు, చిన్నది, వెనకాల!" అని ఆ పిల్ల నియమం మరిచి అరిచింది. "చిన్నదైతే ఇంత పెద్దగా ఎందుకు గీశావు?" అని వాడు నిలదీశాడు. ఇద్దరిలో ఎవరిది తప్పో నేను చెప్పలేదు. ఆమె కాసేపు అలిగి కూర్చుని, కొత్త కాగితం తీసుకుని, కుర్చీ ఎక్కి నిలబడి గదిని కిందికి చూసింది. ఈసారి బీరువా ఒక దీర్ఘచతురస్రమైంది, డబ్బా దాని వెనక ఒక చుక్కయింది. తలుపు ఏ వైపు ఉందో తెలియడానికి చిన్న వంపు గీత కూడా వేసి, కాగితాన్ని వాడి చేతిలో పెట్టేముందు కిటికీ వైపు తిప్పి పెట్టింది.